ఇల్లంతా ఒకటే టైలు

జూన్ 4

బుల్లికి,

మేం క్షేమం అని మొదలుపెట్టాలి గానీ, ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నిన్న మధ్యాహ్నం మా హాలు పేలింది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే పేలింది. నేను వంటింట్లో గిన్నెలు తోముకుంటున్నాను. ఢామ్మని ఒకటే చప్పుడు. గ్యాసు సిలిండరనుకుని చేతిలో గిన్నెతోనే పరిగెత్తాను. తీరా చూస్తే హాలు నడిమధ్యన పది పన్నెండు టైల్స్ గుడారంలా పైకి లేచి నిలబడి ఉన్నాయి. ఎవరూ తొక్కలేదు, పైనుంచి ఏదీ పడలేదు. నేల తనంతట తాను లేస్తుందని నా నలభై ఆరేళ్ళ బతుకులో వినలేదు.

అంతకంటే విడ్డూరం మీ అన్నయ్యది. ఆయన హాల్లోనే కుర్చీలో ఉన్నారు. కాళ్ళ దగ్గర అంత జరిగితే ఎవరైనా ఒక్క గెంతు గెంతుతారు కదా. ఈయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "ఏ వైపు లేచింది? ముందు ఆ ముక్కలు ఎత్తెయ్," అన్నారు. నేను ముప్పావుగంట ఊడ్చి, ఎత్తి, వాకిట్లో పోసి వచ్చేదాకా కుర్చీలోంచి కదల్లేదు. ఒక చెయ్యి వేద్దామన్న ధ్యాసైనా లేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే ఆయన పక్కనే ఉంటారు. పైగా కొలతలు ఫోన్లో చెబితే నేనొకటి అంటే నువ్వొకటి రాసుకుంటావు. హాలు పదహారు అడుగులు, పన్నెండు. వంటిల్లు పది, ఎనిమిది. పడకగది పన్నెండు, పదకొండు. బాత్రూము ఏడు, అయిదు. మా ఇంటి సంగతి నీకు తెలిసిందే. ఏడాదికో గది చొప్పున వేసుకున్నాం, ఏ ఏడు ఏది చవగ్గా దొరికితే అది పరిచాం. హాల్లో నున్నటి టైల్స్, వంటింట్లో గరుకు బండలు, పడకగదిలో ఎర్ర గచ్చు, బాత్రూములో గులకరాళ్ళ మొజాయిక్. గదికీ గదికీ మధ్య అంగుళం ఎత్తు గడప. అంతా పాతబడింది. ఎలాగూ హాలు తవ్వాలి కాబట్టి మొత్తం మార్చేద్దామనుకుంటున్నాను. టైల్స్ కొట్లో పని చేసే ఆడపడుచు ఉన్నందుకు నాకు ఆ మాత్రం ఉపకారం చెయ్యి. చవగ్గా ఉండాలి, మన్నాలి, చూడ్డానికి బాగుండాలి.

ఇంకో మాట, నీలోనే ఉంచుకో. ఏడాదిగా మీ అన్నయ్య నాతో మాట్లాడటం తగ్గించేశారు. పంతొమ్మిదేళ్ళుగా ఒకటే రూట్లో బస్సు నడుపుతూ, రోజూ సాయంత్రం ఎవరెక్కారో ఎవరు దిగారో, ఎవరు ఎవరితో పోట్లాడారో కథలు కథలుగా చెప్పిన మనిషి. ఇప్పుడు ఏమడిగినా ఊఁ, ఆఁ. పేపరు చదవడం కూడా మానేశారు. ఇల్లు కొత్తగా కళకళలాడితే మళ్ళీ నోరు విప్పుతారేమోనని నా ఆశ. నా మనిషి నాకు కాకుండా పోతున్నాడేమోనని భయంగా ఉంది బుల్లీ.

నీ వదిన


జూన్ 9

వదినకు,

నీ ఉత్తరం కొట్లో నిలబడే చదివి పైకే నవ్వేశాను. మా యజమాని కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. చివరి పేరా దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది.

ముందు పేలుడు సంగతి. అప్పట్లో మీ మేస్త్రి గోడ అంచున సందు వదలకుండా బిగించేసి ఉంటాడు. ఎండకి టైలు కాస్త పెరుగుతుంది. పక్కకి చోటు లేకపోతే పైకి లేస్తుంది. ఈసారి చుట్టూ వేలు దూరేంత సందు వదిలించు. అది కనబడకుండా గోడవారన పట్టీ వేస్తారు.

ఇక గదులు. పద్నాలుగేళ్ళు ఈ కొట్లో నిలబడి నేను నేర్చుకున్నది, ఏ గదిలో ఏం ఒలుకుతుందో చూసి నేల కొనాలి గానీ రంగు చూసి కాదు. వంటింట్లో నూనె ఒలుకుతుంది కాబట్టి మెరుపు లేని మామూలు సెరామిక్ చాలు, తెల్లది మాత్రం వద్దు. బాత్రూముకి గరుకుగా ఉండే చిన్న టైల్స్. కొనేముందు ఒక టైలు కింద పెట్టి, మగ్గుడు నీళ్ళు పోసి, చెప్పుల్లేకుండా ఎక్కి నిలబడు. కాలు కదిలితే అక్కడే వదిలెయ్, కొట్టువాడు ఎంత బతిమాలినా సరే. పడకగదిలో గచ్చు పగలకపోతే పీకొద్దు, దాని మీదే వినైల్ షీటు పరిపించు. హాలుకి విట్రిఫైడ్‌లో రెండో రకం తీసుకో. అంచు వెంట్రుకంత వంకర ఉంటుంది, అది నాకూ మేస్త్రికీ తప్ప ఎవరికీ తెలియదు. చెక్కలా కనిపించే లామినేట్ జోలికి మాత్రం పోకు. తడి తగిలిందా, ఉబ్బి కూర్చుంటుంది.

అన్నయ్య గురించి అంత బెంగ పెట్టుకోకు. రిటైర్మెంటు దగ్గరపడ్డ మగవాళ్ళని రోజూ చూస్తాను. భార్య పక్కన నిలబడి టైల్స్ ఎంచుతుంటే వాళ్ళు ఫ్యాను వంక చూస్తుంటారు. చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతూ నోరు మూయకుండా మాట్లాడినవాడు మా అన్నయ్య. ఎక్కడికీ పోడు.

నీ బుల్లి


జూన్ 17

బుల్లికి,

మీ అన్నయ్య ఎక్కడికీ పోడని రాశావు. ఆయన నా మీద అరిచారు. ఇరవై రెండేళ్ళలో గొంతు పెంచని మనిషి.

జరిగింది చెబుతాను. నీ ఉత్తరంలోని నేలల సంగతి చదివి వినిపించాను. హాలుకి ఇది, వంటింటికి అది అని చెబుతుంటే వింటున్నారు. షీటు పేరెత్తగానే వద్దన్నారు. పడకగదికి గచ్చే ఉండాలట. వంటింట్లో బండలు కదపొద్దట. హాలుకి మళ్ళీ అచ్చంగా అదే నున్నటి టైలు వెతికి తెమ్మన్నారు. పోనీ గడపలైనా తీయించేద్దాం, తట్టుకుని పడుతున్నానని అన్నాను. అంతే. "నా ఇంట్లో గడప తీస్తే ఊరుకోను," అని కేక వేశారు. చేత్తో బల్ల మీద కొట్టబోయి టీ గ్లాసు మీద కొట్టారు. గ్లాసు ముక్కలైంది. నేను చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చాను. తర్వాత ఆయనే మెల్లగా, "గ్లాసు అక్కడుందని చూసుకోలేదు," అన్నారు. ఎదురుగా ఉన్న గ్లాసు.

నీకు రాయకూడదనుకున్నాను, కానీ మింగలేకపోతున్నాను. ఆయన తాగుతున్నారేమోనని నా అనుమానం. ఈ మధ్య గుమ్మం తగులుతుంది, కుర్చీ తగులుతుంది. రోజూ డ్యూటీ దిగాక ఆయన బస్సులో పనిచేసే కండక్టరు భుజం మీద చెయ్యి వేసి నడిపించుకుని తెచ్చి మా గేటు దాకా దిగబెట్టి పోతున్నాడు. ఆ కండక్టరు ముఖం నాకు మొదట్నుంచీ నచ్చదు. ఎప్పుడూ ఏదో దాస్తున్నట్టు ఉంటాడు. పలకరించబోతే తల దించుకుని వెళ్ళిపోతాడు. దగ్గరికెళ్ళి వాసన చూశాను, సిగ్గు విడిచి చెబుతున్నాను. వాసనేమీ రాలేదు. వాసన రాని మందులు కూడా ఉంటాయట కదా, పక్కింటావిడ చెప్పింది.

నీ వదిన


జూన్ 23

వదినకు,

మా అన్నయ్య తాగడు. ఈ మాట రాసి కింద రెండు గీతలు గీశాను, చూసుకో.

అయినా నాకూ ఒళ్ళు మండింది. చెల్లెలు పద్నాలుగేళ్ళుగా ఇదే పనిలో ఉండి, ఏ గదికి ఏది సరిపోతుందో చిలక్కి చెప్పినట్టు రాస్తే, ఒక్కటీ వద్దట, పగిలిపోయిన రకమే మళ్ళీ కావాలట. మార్కెట్లో ఆ టైలు రావడం మానేసి పదేళ్ళయింది. నా మాటంటే అంత చులకనా? కొట్లో పనిచేసే ఆడదానికి ఏం తెలుసుననుకున్నాడేమో.

అందుకే నేనొకటి చేశాను. మా గోడౌన్లో ఒక లాట్ మిగిలింది. బూడిద రంగు, మెరుపు లేదు, జారదు, రెండడుగుల టైలు. ఏదో ఆఫీసు కోసం తెప్పించారు, వాళ్ళు తీసుకోలేదు. మీ ఇంటికి హాలు, వంటిల్లు, పడకగది, బాత్రూము అన్నిటికీ సరిపోతుంది. విడివిడిగా నాలుగు రకాలు కొనే ఖర్చులో సగం కూడా కాదు. ఇల్లంతా ఒకటే నేల, గడపలు తీసేసి ఒకటే మట్టం. ఇల్లు రెండింతలు కనిపిస్తుంది. యజమానిని అడిగి నీ పేరున పక్కన పెట్టించాను.

అన్నయ్య ఇంట్లో ఉండగా ఎలాగూ పడనివ్వడు. నాలుగైదు రోజులు ఊళ్ళో లేకుండా పోయే పని ఏదైనా ఉందేమో చూడు. తిరిగొచ్చేసరికి అయిపోవాలి. చూశాక తనే మెచ్చుకుంటాడు.

నీ బుల్లి


జూలై 12

బుల్లికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇది మూడో కాగితం. వరసగా రాస్తాను, వరసగా చదువు.

నువ్వన్నట్టే అవకాశం వచ్చింది. కండక్టరు తన సొంత ఊళ్ళో ఇల్లు కడుతున్నాడని, చూసొస్తామని ఇద్దరూ అయిదు రోజులు సెలవు పెట్టి వెళ్ళారు. తాగుడు యాత్ర అనుకున్నాను. ఏడిచినట్టే ఉంది, నా పని నేను చేసుకుంటానని మేస్త్రిని పిలిచాను. లారీ వచ్చింది, టైల్స్ దిగాయి. మేస్త్రి ముగ్గురు మనుషులతో నాలుగు రోజుల్లో పరిచేశాడు. బండలు పీకారు, గచ్చు కొట్టారు, గడపలు కోసేశారు. నువ్వు చెప్పినట్టే గోడవార సందు వదిలారు. కర్రతో తట్టి చూశాను, ఎక్కడా డొల్ల చప్పుడు రాలేదు. కుర్చీలు కడిగి, బల్ల గోడవారకి జరిపి, ఇల్లు అద్దంలా పెట్టుకుని కూర్చున్నాను.

నిన్న సాయంత్రం వచ్చారు. కండక్టరు గేటు దగ్గర వదిలి వెళ్ళిపోయాడు. ఆయన చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టారు. ఒకటి, రెండు, మూడు అడుగులు వేశారు. ఆగారు. కుడికాలితో నేలని తడిమారు. ఎడమకాలితో తడిమారు. ఇంకో రెండడుగులు వేసి మళ్ళీ ఆగారు. నేను వంటింటి గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉన్నాను, ఎప్పుడు మెచ్చుకుంటారా అని. ఆయన మెల్లగా రెండు చేతులూ ముందుకి చాచారు. నీళ్ళలో దిగినవాడిలా. "నేనెక్కడున్నాను?" అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. "మనింట్లోనే ఉన్నారు," అన్నాను. ఆయన ముఖం నా వైపు కాక గోడ వైపు తిప్పి, "ఏ గదిలో?" అన్నారు.

బుల్లీ, మీ అన్నయ్యకి కళ్ళు లేవు. రెండేళ్ళుగా పోతున్నాయట. పక్కలు పోయాయి, కింద పోయింది. ఎదురుగా గొట్టంలోంచి చూసినట్టు పెద్ద పెద్దవి మాత్రం మసక మసగ్గా ఆనుతాయట. అక్షరాలు అసలే కనబడవు. ఇంట్లో ఇన్నాళ్ళూ కాళ్ళతో చూస్తూ తిరిగారు. నున్నగా ఉంటే హాలు, గరుకైతే వంటిల్లు, చల్లగా మెత్తగా తగిలితే పడకగది. గడప తగిలితే గది మారిందని. ఒక్క గోడ కూడా పట్టుకోకుండా తిరిగేవారు, నాకు అనుమానం ఎలా వస్తుంది? ఆరోజు టైల్స్ లేచినప్పుడు కుర్చీలోంచి ఎందుకు కదల్లేదో, గ్లాసు ఎందుకు పగిలిందో ఇప్పుడు తెలిసింది. తాగుడట. ఆ మాట అనుకున్న నా నోరు కాల్చుకోవాలి.

అయిదు రోజులూ వెళ్ళింది కళ్ళాసుపత్రికి. పోయింది తిరిగి రాదని, ఉన్నది కూడా నిలవదని చెప్పి పంపించారు. ఆ మాట మోసుకుని ఇంటికొచ్చిన మనిషికి నేను కాళ్ళ కింద గుర్తులన్నీ చెరిపేసి పెట్టాను.

రాత్రి చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. ఏడాది తర్వాత నాతో మాట్లాడారు, తెల్లారేదాకా మాట్లాడారు. చివర్లో, "బుల్లికి మాత్రం చెప్పకు, తట్టుకోలేదు," అన్నారు. సరేనన్నాను. తెల్లారగానే కూర్చుని నీకే రాస్తున్నాను. ఎవరితోనూ చెప్పుకోకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

ఆయన ఇవాళ డ్యూటీకి వెళ్ళారు.

నీ వదిన


జూలై 17

వదినా,

నీ ఉత్తరం కింద ఆఖరి వాక్యం మూడుసార్లు చదివాను. డ్యూటీకి వెళ్ళారా? కళ్ళు లేని మనిషి బస్సు నడపడానికి వెళ్ళాడని నువ్వు చివర్లో ఒక ముక్క రాసి సంతకం పెట్టావా?

రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ బూడిద టైల్స్ ఎంచింది నేను, గడపలు తీయించమన్నది నేను. నా చేత్తో నేనే అన్నయ్యని గుడ్డివాణ్ణి చేసినట్టుంది. అది నేను బతికున్నంతకాలం మోస్తాను. అది వేరే.

కానీ వదినా, పోయినేడాది నేనూ నా కూతురూ మీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ బస్సే ఎక్కాం. మేనమామ నడుపుతున్నాడని అది మురిసిపోయి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని పాటలు పాడింది. అప్పటికే ఏడాది అయిందంటున్నావు. ఆ బస్సులో రోజుకి ఎంతమంది ఎక్కుతారు? వాళ్ళందరికీ ఇంటి దగ్గర ఎవరో ఉంటారు కదా. ఏటా కళ్ళ పరీక్ష చేస్తారు కదా, ఎలా దాటాడు?

అన్నయ్య రేపట్నుంచి ఆ సీట్లో కూర్చోకూడదు. నువ్వు ఆపు. పది రోజులు చూస్తాను. తర్వాత డిపోకి నేనే రాస్తాను. అన్నయ్య మీద ప్రేమ లేక కాదు.

బుల్లి


జూలై 21

బుల్లికి,

నీ కోపం న్యాయమే. కళ్ళ పరీక్ష సంగతి అడిగావు. డిపోలో గోడ మీద అక్షరాల అట్ట పదేళ్ళుగా అదేనట. అందరికీ కంఠతా వచ్చట. విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మొన్న ఆయనకి చెప్పకుండా ఆ బస్సెక్కాను. చివరి సీట్లో ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వెనక్కి రాడు. డ్రైవరు పక్కనే నిలబడి, టికెట్లు చేతులు మార్చి అందిస్తాడు. పెదాల మధ్య విజిల్. ఎడమ నుంచి ఎవరైనా అడ్డొస్తే పొట్టిగా ఒకటి ఊదుతాడు, కుడి నుంచి వస్తే రెండు, ఆపమంటే పొడుగ్గా ఒకటి. రెండేళ్ళుగా ఆ బస్సు నడుస్తున్నది ఆ విజిల్ మీద. నా పక్కనావిడ, "ఈ మనిషికి ఊదడం ఒక జబ్బు," అని విసుక్కుంది. దిగి, మూసేసిన కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. ఒక స్నేహితుడి కోసం ఆ కండక్టరు ఎంత పని చేశాడో, ఎంత తప్పు చేశాడో, రెండూ ఒకేసారి తెలిశాయి. నీతో వాదించను. ఆయన దిగాలి.

కానీ నన్ను దింపనివ్వు. ఇంకెవరో లాగి దింపితే ఆ మనిషి మళ్ళీ లేవడు. తనంతట తాను వెళ్ళి తాళం బల్ల మీద పెడితే నిలబడతాడు. ఒప్పిస్తున్నాను. రోజూ కాస్త కాస్త మెత్తబడుతున్నారు. ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర కొబ్బరి పీచు పట్టా, పడకగదిలో మెత్తటి చాప, బాత్రూము ముందు రబ్బరు మ్యాటు పరిచాను. ఇల్లు మళ్ళీ నేర్చుకుంటున్నారు. "ఇప్పుడు వంటింట్లోకి వచ్చాను," అని పైకి చెబుతారు, నేను అవునంటాను. మీ అన్నయ్య నాకు తిరిగొచ్చారు బుల్లీ. నువ్వు డిపోకి రాయకు. రాస్తే మనిద్దరి మధ్య మాట ఉండదు.

నీ వదిన


జూలై 29

వదినకు,

పది రోజులన్నాను, పన్నెండు ఆగాను. నీ దగ్గర్నుంచి ఇంకో ముక్క రాలేదు.

ఇవాళ పొద్దున మా కొట్టు ముందు ఒక స్కూలు పిల్ల పరిగెత్తుకుంటూ రోడ్డు దాటబోయి బస్సుకి అడ్డం పడింది. జానెడు దూరంలో ఆగింది బస్సు. పిల్లకి ఏమీ కాలేదు, లేచి బ్యాగు దులుపుకుని వెళ్ళిపోయింది. ఆ డ్రైవరుకి కళ్ళున్నాయి కాబట్టి. అది ఎడమ నుంచి వచ్చిందో కుడి నుంచి వచ్చిందో నేను కొట్లో నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను. ఎన్ని విజిళ్ళు ఊదేలోపు అది చక్రం కిందికి వచ్చేదో లెక్కపెట్టుకుంటున్నాను.

మధ్యాహ్నం భోజనం మానేసి డిపో మేనేజరుకి ఉత్తరం రాసి పోస్టు చేశాను. ఏం రాయాలో తోచక నీ ఉత్తరాలు ముందు పెట్టుకుని రాశాను. రెండేళ్ళ సంగతి, విజిల్ సంగతి, అక్షరాల అట్ట సంగతి, ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళలేకపోయిన సంగతి. కింద పేరు పెట్టలేదు. ఆ పిరికితనం నాలో ఉందని నాకు ఇవాళే తెలిసింది. నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. తిట్టు.

బుల్లి


జూలై 30

బుల్లికి,

శుభవార్త. ఇన్ని రోజులు ఎందుకు రాయలేదంటే, ఒక కొలిక్కి వచ్చాకే రాద్దామని.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి మీ అన్నయ్య ఇంటికి రాకుండా నేరుగా మేనేజరు గదికి వెళ్ళారు. తాళం బల్ల మీద పెట్టి, కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, ఇంక బస్సు తీయలేనని చెప్పేశారు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే ఈ మధ్యనేనన్నారు. అది కండక్టరు కోసం. నిజం పూర్తిగా చెబితే ఆ మనిషి ఉద్యోగం కూడా పోతుందని. మేనేజరు మంచివాడు. "ఎవరూ ఫిర్యాదు చెయ్యకముందే నువ్వే వచ్చి చెప్పావు, నిన్ను నిలబెట్టడానికి నాకా మాట చాలు," అన్నాడట. సోమవారం డాక్టరు కాగితం తెస్తే పార్సిల్ గదిలో పని ఇస్తానన్నాడు. రిటైర్మెంటుకి మిగిలిన పద్నాలుగు నెలలూ అక్కడ కూర్చోవచ్చు.

ఇంటికొచ్చి భోజనం చేస్తూ, ఆ బస్సు తొమ్మిదేళ్ళ కిందట ఒక నిండు చూలాలిని ఆసుపత్రికి ఎలా చేర్చిందో మొదలుపెట్టి గంట చెప్పారు. నేను పదిసార్లు విన్న కథ. మళ్ళీ విన్నాను.

సోమవారం నేనూ వెంట వెళుతున్నాను. నువ్వు ఆగినందుకు నీకు ఎంత రుణపడ్డానో.

నీ వదిన


ఆగస్టు 9

బుల్లికి,

నీ ఇరవై తొమ్మిదో తారీఖు ఉత్తరం నాకు మంగళవారం అందింది. మేనేజరుకి నువ్వు రాసింది శనివారమే అందింది. మేం వెళ్ళింది సోమవారం.

కూర్చోమన్నాడు. డాక్టరు కాగితం చూడలేదు. సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి, "ఇది వినండి," అని పైకి చదివాడు. బల్ల మీద పెట్టినప్పుడు దస్తూరి చూశాను. ఇన్నేళ్ళుగా నాకొచ్చే దస్తూరి, నాకు తెలియదా? చదువుతుంటే అన్నీ నా మాటలే. గొట్టంలోంచి చూసినట్టు, విజిల్ మీద నడిచిన బస్సు, చేతులు ముందుకు చాచి ఏ గదిలో ఉన్నానని అడగడం. మీ అన్నయ్య వింటూ వింటూ మెల్లగా ముఖం నా వైపు తిప్పారు. దస్తూరి ఆయనకి కనబడదు. ఆ మాటలు నావని మాత్రం తెలుసు. ఇంట్లో జరిగింది ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. కండక్టరు తన మెడకి తానే ఉరి వేసుకోడు. నీకేమో ఏమీ తెలియదని ఆయన నమ్మకం.

రెండేళ్ళు దాచావు, నిన్న కాక మొన్న అబద్ధం చెప్పావు, నేనేం చేయను అన్నాడు మేనేజరు. ఉద్యోగం తీసేశారు. కండక్టరుని పక్కన పెట్టి విచారణ వేశారు. వాకిట్లో మమ్మల్ని చూసి అతను తల దించుకోలేదు ఈసారి. సూటిగా నా వంకే చూశాడు.

బస్సు దిగాలి, దిగారు. దాన్ని నేను తప్పనను. నీ స్థానంలో ఉంటే నేనైనా రాసేదాన్నేమో. నా ఏడుపు అది కాదు.

దారిలో ఆయన ఒక్కటే అన్నారు. "నేనే వెళ్ళి చెబుతానన్నాను కదా. ఇంకో రెండు రోజులు నన్ను నమ్మలేకపోయావా?" నేను నోరు తెరిచాను. కాదని చెప్పాలంటే నువ్వని చెప్పాలి. మూసుకున్నాను. ఆయనకి ఉన్నది ఒక్క చెల్లెలు. నా మీద కోపమైతే ఇంట్లోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. నీ మీద కోపమొస్తే ఆ మనిషికి తోడబుట్టినవాళ్ళు ఇంకెవరున్నారు?

ఆరు రోజులుగా మాటల్లేవు. వంటింట్లోకి వచ్చినా చెప్పడం లేదు. నా చెయ్యి పట్టుకోరు, గోడ పట్టుకుని వెళుతున్నారు. రోజుకి ఒక్కసారి మాత్రం నోరు విప్పి, బుల్లి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా అని అడుగుతున్నారు. ఆయనకి ఏదైనా రాయి. చదివి వినిపించేది నేనే కాబట్టి జాగ్రత్తగా రాయి.

నీ వదిన


ఆగస్టు 14

అన్నయ్యకు,

ఈ ఉత్తరం నీకే. చదువుతున్నది వదిన.

నాకు అన్నీ ముందే తెలుసు. నువ్వు చెప్పొద్దన్నా వదిన నాకు రాసింది. నీ గురించి ఎవరితోనూ చెప్పుకోలేక నాతో చెప్పుకుంది. ఆ టైల్స్ ఎంచి పంపింది నేను, గడపలు తీయించమన్నదీ నేనే. డిపోకి ఉత్తరం రాసింది కూడా నేనే అన్నయ్యా. వదిన రాయొద్దంది. నువ్వే వెళ్ళి చెబుతావని, కాస్త ఆగమని బతిమాలింది. నేను నిన్ను నమ్మలేదు. వదిన నమ్మింది. ఆ ఉత్తరంలో నువ్వు గుర్తుపట్టిన మాటలు వదిన నన్ను నమ్మి రాసుకున్నవి, వాటిని ఎత్తి నేను మేనేజరుకి రాశాను. పేరు పెట్టే ధైర్యం లేక వదిలేశాను. ఆ ఖాళీలో నువ్వు వదిన పేరు పెట్టుకున్నావు. తను ఊరుకుంది.

బస్సు ఆపినందుకు నిన్ను క్షమాపణ అడగను. మిగిలినదానికంతటికీ అడుగుతాను. ఎదురుగా వచ్చి అడుగుతాను. కొట్లో సెలవు అడిగాను, వచ్చే ఆదివారం మీ ఇంట్లో ఉంటాను. తలుపు తీయకపోయినా వాకిట్లో కూర్చుంటాను.

వదినా, ఇంతవరకూ నువ్వు పైకి చదవలేదని నాకు తెలుసు. నాలుగు మాటలు కల్పించి చెప్పి, అందరూ క్షేమమట అని కాగితం మడిచేస్తావు. అందుకే ఇదే ఉత్తరం ఇంకో కాగితం మీద రాసి కండక్టరు ఇంటికి పంపాను. ఆయనకీ నేను సమాధానం చెప్పుకోవాలి కదా. రెండూ ఒకే రోజు అందుతాయి. నువ్వు చదవకపోతే ఆయన సాయంత్రం గేటు తెరుచుకుని వచ్చి అన్నయ్యకి చదివి వినిపిస్తాడు.

అదేదో నీ నోటితోనే విననివ్వు వదినా. మొదటి నుంచి చదువు.

బుల్లి